యుద్ధ నిర్ణయాలపై సేనాధిపతుల పలుకుబడి: 1948 హైదరాబాదు చర్య, నందిగామ–జగ్గయ్యపేట సరిహద్దు

యుద్ధానికి దిగాలా వద్దా అన్నది పౌర ప్రభుత్వం తేల్చవలసిన విషయమనీ, దిగాక దాన్ని ఎలా నడపాలన్నది సేనాధిపతులు చూసుకోవలసిన విషయమనీ రాజనీతి గ్రంథాలు గీసే గీత ఆచరణలో తరచు చెరిగిపోతుంది. ఎంత సైన్యం కావాలో, ఎన్నాళ్లు పడుతుందో, ఏ రుతువులో కదలాలో, పక్క దేశం ఊరుకుంటుందో లేదో చెప్పగలిగినవాడు సేనాధిపతి ఒక్కడే అయినప్పుడు, ఆ అంచనాలే మంత్రులు ఏమి కోరుకోవచ్చో ముందుగా నిర్ణయించేస్తాయి. ప్రణాళికను సిద్ధం చేయడం, సిద్ధం కాలేదని చెప్పడం, గడువు అడగడం, రాజీనామా మాట ఎత్తడం, చివరికి ఆజ్ఞను అమలు చేయకుండా ఆపడం వంటి మార్గాలలో ఈ పలుకుబడి పనిచేస్తుంది. ఆంధ్ర దేశంలో దీన్ని పరిశీలించడానికి అన్నిటికంటె అనువైన ఉదాహరణ 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానంపై భారత ప్రభుత్వం జరిపిన సైనిక చర్య. ఆ చర్యలో తూర్పు వైపు నుంచి కదిలిన దళం బెజవాడ నుంచి నాటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా సాగే దారినే నడిచింది.

సిద్ధాంత పరిచయం

జర్మన్ సైనిక తత్త్వవేత్త క్లాజ్‌విట్జ్ మరణానంతరం 1832 నుంచి వెలువడిన గ్రంథంలో యుద్ధాన్ని రాజకీయ విధానానికి కొనసాగింపుగా నిర్వచించి, సైనిక లక్ష్యం ఎప్పుడూ రాజకీయ లక్ష్యానికి లోబడి ఉండాలని వాదించాడు. 1957లో శామ్యూల్ హంటింగ్టన్ సైన్యానికి దాని వృత్తిపరిధిలో స్వేచ్ఛనిచ్చి, రాజకీయాలకు దూరంగా ఉంచడమే పౌర నియంత్రణకు మేలైన పద్ధతి అన్నాడు. వీటికంటె ఎక్కువ ఆచరణకు దగ్గరగా ఉన్నది 1977లో రిచర్డ్ బెట్స్ అమెరికా అనుభవం ఆధారంగా చేసిన పరిశీలన. సేనానులు యుద్ధం కోసం ఉవ్విళ్లూరుతారనే సామాన్య నమ్మకానికి విరుద్ధంగా, బలప్రయోగం చేయాలా వద్దా అన్న దశలో వారు పౌర సలహాదారులకంటె దూకుడుగా ఉండరనీ, ఒకసారి దిగాక మాత్రం ఎక్కువ బలంతో, త్వరగా ముగించాలని పట్టుపడతారనీ, వారి మాటకు అన్నిటికంటె ఎక్కువ విలువ దక్కేది వద్దని చెప్పినప్పుడేననీ ఆయన తేల్చాడు. ఈ చివరి మాటను హైదరాబాదు ఉదంతం పాక్షికంగానే సమర్థిస్తుంది.

సేనానులు గీసిన సరిహద్దు

నందిగామ, జగ్గయ్యపేటల పడమర సరిహద్దు పుట్టుకే సైనికాధికారుల బేరసారాల ఫలితం. 1753లో నిజాం సలాబత్ జంగ్ తన వద్ద ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీకి సైన్యపు జీతాల కింద కొండపల్లితో సహా ఉత్తర సర్కారులను రాసిచ్చాడు. దక్కను దర్బారులో ఎవరితో పోరాడాలి, ఎవరితో సంధి చేసుకోవాలి అన్న నిర్ణయాలలో బుస్సీ మాట దాటడం ఆ కొన్నేళ్లపాటు నవాబుకు సాధ్యం కాలేదు. జీతం చెల్లించలేని ప్రభువు తన సేనానికి భూమిని, దాంతోపాటు యుద్ధనిర్ణయంలో కొంత భాగాన్ని అప్పగించవలసి వస్తుందనడానికి ఇది సాక్ష్యం. 1758లో బుస్సీని వెనక్కి పిలిచిన తర్వాత ఫ్రెంచివారి పట్టు సడలింది. 1766లో ఈస్టిండియా కంపెనీ తరఫున జనరల్ జాన్ కైలాడ్ కొండపల్లి కోటను పట్టుకొని, అదే ఏడాది నవంబరులో నిజాం అలీ ఖాన్‌తో సంధి కుదిర్చి సర్కారులను కంపెనీకి సంపాదించాడు. దానికి బదులుగా అవసరమైనప్పుడు నిజాంకు సైనిక సహాయం చేస్తామన్న హామీ వెంటనే కంపెనీని మైసూరు హైదర్ అలీతో యుద్ధంలోకి లాగింది.

ఇలా ఏర్పడిన సరిహద్దు సాఫీగా లేదు. కంచికచర్లకు సమీపంలోని పరిటాల, దాని చుట్టుపట్ల కొన్ని గ్రామాలు చుట్టూ ఇంగ్లీషు జిల్లా ఉన్నా వజ్రాల గనుల కారణంగా నిజాం అధీనంలోనే మిగిలాయి. దీనికి తలకిందులుగా మునగాల పరగణా నిజాం భూభాగం మధ్యలో కృష్ణా జిల్లా ముక్కగా నిలిచింది. 1947–48లో రజాకార్ల, అంటే మజ్లిస్ నాయకుడు ఖాసిం రజ్వీ నడిపిన సాయుధ వలంటీర్ల దాడులకు తాళలేక నల్గొండ, వరంగల్లు జిల్లాల కుటుంబాలు ఇటువైపు ఊళ్లకు తరలివచ్చాయి. హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్, కమ్యూనిస్టు పార్టీ రెండూ సరిహద్దు వెంబడి ఆంధ్ర ప్రాంతాన్ని తమకు ఆసరాగా చేసుకున్నాయి. పరిటాల ప్రాంత ప్రజలు నిజాం పాలనను తోసిపుచ్చి తమను తాము స్వతంత్రులుగా ప్రకటించుకున్నారు. కాబట్టి ఢిల్లీలో సైనిక చర్యపై చర్చ జరిగే నాటికే ఈ సరిహద్దు ప్రాంతంలో ఆ ప్రశ్న రచ్చబండకు వచ్చేసింది.

హైదరాబాదుకు ముందు: జునాగఢ్, కాశ్మీరు

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత 1949 జనవరి మధ్య దాకా భారత, పాకిస్తాన్ సైన్యాలు రెండింటికీ అధిపతులు బ్రిటిషువారే. ఈ ఏర్పాటులో ఒక విచిత్రమైన షరతు ఉండేది: రెండు డొమినియన్ల మధ్య యుద్ధం వస్తే, రెండు వైపులా ఉన్న బ్రిటిషు అధికారులంతా విధుల నుంచి తప్పుకోవలసిందే. తన సర్వసైన్యాధిపతే యుద్ధభూమికి రాడని తెలిసిన ప్రభుత్వానికి యుద్ధ నిర్ణయంలో ఎంత స్వేచ్ఛ మిగులుతుందో వేరే చెప్పనక్కరలేదు.

1947 సెప్టెంబరులో జునాగఢ్ నవాబు పాకిస్తాన్‌లో చేరినప్పుడు, అక్కడ సైనిక చర్య తగదని జనరల్ రాబ్ లాక్‌హార్ట్ తదితర త్రివిధ దళాధిపతులు ప్రభుత్వానికి ఉమ్మడిగా లేఖ రాశారు. ఇది సలహా కాదు, విధాన నిర్ణయంలో జోక్యమని నెహ్రూ, పటేల్ మండిపడటంతో లేఖను ఉపసంహరించుకోవలసి వచ్చింది. ఆ గొడవ నుంచే మంత్రివర్గ రక్షణ కమిటీ, అనగా యుద్ధ విషయాలలో మంత్రులూ దళాధిపతులూ ఒకచోట కూర్చొని మాట్లాడుకునే సంఘం, గవర్నర్ జనరల్ మౌంట్‌బాటెన్ అధ్యక్షతన ఏర్పడింది. నౌకాదళ అధికారి అయిన మౌంట్‌బాటెన్‌నే అధ్యక్షుడిగా పెట్టుకోవడం పౌర నియంత్రణను బలపరచిందా, నీరుగార్చిందా అన్నది చర్చనీయమే. ఆయన 1948 జూన్‌లో స్వదేశం వెళ్లిపోయే వరకు హైదరాబాదు విషయంలో చర్చలకే మొగ్గు చూపాడు. పాకిస్తాన్ పక్షాన ఇంతకంటె గట్టి ఉదాహరణ కనిపిస్తుంది. 1947 అక్టోబరు చివరలో కాశ్మీరులోకి సైన్యాన్ని పంపమని జిన్నా ఆదేశించినప్పుడు తాత్కాలిక సేనాధిపతి గ్రేసీ ఆ ఆజ్ఞను అమలు చేయక సుప్రీం కమాండర్ ఆకిన్‌లెక్‌కు విన్నవించాడు. ఆకిన్‌లెక్ లాహోరుకు వచ్చి, బ్రిటిషు అధికారులు తప్పుకుంటే మీ సైన్యం ఏమవుతుందో ఆలోచించుకొమ్మని చెప్పాక జిన్నా తన ఆజ్ఞను వెనక్కి తీసుకున్నాడు.

బుచర్ వాదన, పటేల్ నిర్ణయం

హైదరాబాదుతో 1947 నవంబరు 29న కుదిరిన యథాతథ ఒడంబడిక, అంటే ఏడాదిపాటు పాత సంబంధాలనే కొనసాగించే ఏర్పాటు, కొన్ని నెలలకే బీటలు వారింది. రజాకార్ల దాడులు ఒకవైపు, కరాచీ నుంచి ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ విమానాలలో దొంగచాటుగా చేరవేసిన ఆయుధాలు మరోవైపు ఢిల్లీ సహనాన్ని పరీక్షించాయి. అప్పటికే దక్షిణ కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ గొడార్డ్ సైనిక ప్రణాళికను తయారుచేశాడు. సోలాపూర్ నుంచి ప్రధాన దాడి, బెజవాడ నుంచి రెండో దాడి, ఇతర దిక్కుల నుంచి చిన్న దళాల కదలిక దాని సారం. ప్రణాళిక ఉండటమంటే యుద్ధం ఖాయమని కాదు. కాని కాగితం మీద దారులు, దళాలు, రోజుల లెక్క సిద్ధంగా ఉన్నప్పుడు మంత్రివర్గం ముందున్న ప్రశ్న ‘చేయగలమా’ నుంచి ‘ఎప్పుడు చేద్దాం’గా మారిపోతుంది. ఈ విధంగా చర్యకు ఇష్టపడని బ్రిటిషు నాయకత్వమే చర్యను సుసాధ్యం చేసిందనవచ్చు.

1948 జనవరిలో సర్వసైన్యాధిపతి అయిన జనరల్ రాయ్ బుచర్ ఈ చర్యను వాయిదా వేయించడానికి చివరి వరకు ప్రయత్నించాడు. సైన్యంలో అధిక భాగం కాశ్మీరులో చిక్కుకొని ఉందనీ, పాకిస్తాన్ దీన్ని అదనుగా తీసుకోవచ్చనీ, బొంబాయి, అహ్మదాబాదు వంటి నగరాలపై వైమానిక దాడులు జరగవచ్చనీ, దక్షిణాదిన మత కల్లోలాలు చెలరేగవచ్చనీ ఆయన వాదన. వీటిలో ఏదీ కల్పన కాదు. సైనికుడిగా ఆయన చెప్పవలసినవే చెప్పాడు. అయితే బెదురు చూపిన ప్రతి అంశమూ సైనిక అంశం కాదనీ, మత కల్లోలాల సంగతి హోం మంత్రిగా పటేల్‌కు ఎక్కువ తెలుసుననీ గమనించాలి. సెప్టెంబరు 9న ప్రభుత్వం సైన్యాన్ని పంపాలని నిర్ణయించి 13వ తేదీ సోమవారాన్ని ముహూర్తంగా పెట్టింది. 11న జిన్నా మరణించడంతో మరోసారి వాయిదా మాట వచ్చినా పటేల్ అంగీకరించలేదు. సేనాధిపతి రాజీనామా ప్రస్తావన తెచ్చినా హోం మంత్రి చలించలేదన్న కథనం నాటి ఉన్నతాధికారుల జ్ఞాపకాలలో కనిపిస్తుంది.

సర్వసైన్యాధిపతి వద్దన్నా మంత్రివర్గం ముందుకు సాగగలగడానికి ముఖ్య కారణం పటేల్ పట్టుదలగా చెప్పడం పరిపాటి. అది సగం నిజమే. మిగతా సగం సైన్యంలోని నాయకత్వ మార్పులో ఉంది. గొడార్డ్ స్థానంలో దక్షిణ కమాండ్ బాధ్యత తీసుకున్న లెఫ్టినెంట్ జనరల్ మహారాజ్ రాజేంద్రసింహ్‌జీ, ప్రధాన దాడికి నాయకుడైన మేజర్ జనరల్ జె.ఎన్. చౌదురి, బెజవాడ వైపు దళానికి అధిపతి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర ముగ్గురూ భారతీయులు, పైగా పనికి సిద్ధంగా ఉన్నవారు. ఒక సేనాధిపతి రాజీనామా బెదిరింపుకు బలం, అతని కింద ఆ పనిచేసేవారు ఇంకెవరూ లేనప్పుడే ఉంటుంది. బుచర్‌కు ఆ బలం లేదు. అదే బుచర్ కొన్ని వారాల తర్వాత, 1948 నవంబరులో కాశ్మీరులో పూర్తి సైనిక పరిష్కారం ఇక సాధ్యం కాదని నెహ్రూకు చెప్పినప్పుడు మాత్రం ఆ మాట 1949 జనవరి 1 నాటి కాల్పుల విరమణకు దోహదం చేసింది. ఒకే సేనాధిపతి సలహా ఒకచోట పెడచెవిన పడి మరోచోట చెల్లుబాటు కావడానికి కారణం సలహా నాణ్యత కాదు. వినేవారికి ముందే ఉన్న మొగ్గు.

బెజవాడ దారి

‘ఆపరేషన్ పోలో’ అని సంకేతనామం పెట్టిన ఈ చర్యను ప్రభుత్వం ‘పోలీసు చర్య’ అని పిలిచింది. హైదరాబాదు ప్రశ్న దేశ ఆంతరంగిక వ్యవహారమనీ, అంతర్జాతీయ యుద్ధం కాదనీ ప్రపంచానికి చెప్పడం దాని ఉద్దేశం. అప్పటికే నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిని ఆశ్రయించి ఉండటం దీనికి తక్షణ కారణం. ట్యాంకులు, ఫిరంగులు, విమానాలు పాల్గొన్న చర్యను పోలీసు పని అనడం రాజకీయ నాయకుల ఎంపికే గాని సేనానుల ఎంపిక కాదు.

సెప్టెంబరు 13 తెల్లవారుజామున చౌదురి నాయకత్వంలోని ఒకటో సాయుధ డివిజన్ సోలాపూర్ వైపు నుంచి నల్దుర్గ్ మీదుగా కదలగా, రుద్ర దళం బెజవాడ–హైదరాబాదు రహదారిపై పాలేరు దాటి నిజాం గడ్డపైకి ప్రవేశించింది. బెజవాడలో పెద్ద రైలు కూడలి ఉండటం, అక్కడి నుంచి హైదరాబాదుకు సూటిగా పోయే రోడ్డు ఉండటం ఈ మార్గం ఎంపికకు అనుకూలించాయి. హంబర్, స్టాగ్‌హౌండ్ రకం సాయుధ శకటాలున్న హైదరాబాదు లాన్సర్ల దళాలు సరిహద్దులో అడ్డుకున్నప్పటికీ ఉదయం ఎనిమిదిన్నరకల్లా కోదాడ, మధ్యాహ్నానికి మునగాల భారత సైన్యం అదుపులోకి వచ్చినట్లు సైనిక చరిత్రలు చెబుతాయి. మునగాల అప్పటికీ కృష్ణా జిల్లాలో భాగమే కాబట్టి రుద్ర దళం పరాయి భూమి దాటి తన జిల్లాకే చేరిందనడం అతిశయోక్తి కాదు. సూర్యాపేట వద్ద విమానదాడులు రక్షణలను చెదరగొట్టాక గూర్ఖా పటాలం పట్టణంలోకి ప్రవేశించింది. వెనుదిరిగే హైదరాబాదు సైనికులు మూసీ వంతెనను పేల్చివేశారు గాని కాపుకాసి కాల్పులు జరపకపోవడంతో దాన్ని త్వరలోనే బాగుచేశారు. నార్కట్‌పల్లి వద్ద రజాకార్ల గుంపు ఒకటి ధ్వంసమైంది.

మూడు వారాల వరకు పట్టవచ్చనుకున్న పని అయిదు రోజులలోపు ముగిసింది. సెప్టెంబరు 17 సాయంత్రం నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న హైదరాబాదు సేనాధిపతి సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్ చౌదురికి లాంఛనంగా లొంగిపోయాడు. సైనిక నాయకులు ముందుగా ఇచ్చే అంచనాలు శత్రువు బలాన్ని పెంచి చూపే వైపే తరచు మొగ్గుతాయి. తక్కువగా అంచనా వేస్తే కలిగే నష్టం సేనాని తలమీద పడుతుంది, ఎక్కువగా అంచనా వేస్తే తప్పు ఎవరూ పట్టరు.

నిజాం దర్బారులో, కరాచీలో

ఓడిన పక్షంలో సేనాధిపతి పాత్ర ఇంకా చిక్కుముడిగా ఉంటుంది. దాదాపు 22,000 మంది క్రమబద్ధ సైనికులు, చాలని ఆయుధాలు, శిక్షణ లేని రజాకార్ల గుంపులు మాత్రమే ఉన్న ఎద్రూస్‌కు భారత సైన్యాన్ని ఎక్కువ రోజులు నిలవరించలేనన్న సంగతి తెలియకపోయే అవకాశం లేదు. అయినా రాజ్యం యుద్ధానికి దారితీసే వైఖరినే పట్టుకుంది. ప్రధాని మీర్ లాయక్ అలీ తర్వాత రాసిన గ్రంథంలో పరాజయానికి సేనాధిపతిని తీవ్రంగా తప్పుబట్టాడు. ఎద్రూస్ స్వీయచరిత్ర ఆ నిందను నాయకుల అవివేకం మీదికి తిప్పింది. ఈ రెండు గ్రంథాలూ ఓటమి తర్వాత ఎవరి తప్పు వారు కడుక్కోవడానికి రాసినవి గనక ఏ ఒక్కటీ పూర్తి సాక్ష్యం కాదు. అయితే రజ్వీ ప్రసంగాల వేడిలో సేనాధిపతి అంచనా నిజాం చెవికి సరిగా చేరలేదన్నంత వరకు సందేహం అక్కరలేదు. సేనాధిపతికీ పాలకుడికీ మధ్య రజాకార్ల వంటి మూడో సాయుధ శక్తి చొరబడినప్పుడు వృత్తి సైనికుడి సలహా మొదట కోల్పోయేది వినే చెవినే.

పాకిస్తాన్‌లో దీనికి భిన్నంగా జరిగింది. హైదరాబాదుకు సాయం చేయగలమా అని ప్రధాని లియాఖత్ అలీ ఖాన్ రక్షణ మండలిలో అడిగినప్పుడు, తర్వాతి కాలంలో బ్రిటిషు రక్షణ దళాలకే అధిపతి అయిన గ్రూప్ కెప్టెన్ ఎల్వర్దీ, మన వద్ద పనిచేసే బాంబర్లు రెండే ఉన్నాయనీ, ఒకటి ఢిల్లీ దాకా వెళ్లవచ్చు గాని ఏదీ తిరిగిరాదనీ జవాబిచ్చాడని చెబుతారు. అక్కడితో ఆ ఆలోచన ఆగిపోయింది. బుచర్ భయపడిన వైమానిక దాడి జరగకపోవడానికి కారణం మరో సైనికాధికారి నిజాయితీగా చెప్పిన ఒక లెక్క.

అంచనాలలో లేని అధ్యాయం

సేనాధిపతుల సలహా సరిహద్దు నుంచి హైదరాబాదు దాకా ప్రయాణించే దళాల గురించే గాని, ఆ దళాలు వెళ్లిన తర్వాత గ్రామాలలో ఏమి జరగబోతుందన్న దాని గురించి కాదు. సైన్యం వెనుకే మరాఠ్వాడా, కన్నడ ప్రాంతాలలోనూ, కొంతవరకు తెలంగాణలోనూ ముస్లిములపై ప్రతీకార హత్యలు, దోపిడీలు జరిగాయి. కేంద్రం పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ మృతుల సంఖ్యను 27,000 నుంచి 40,000 వరకు అంచనా వేసింది. ఆ నివేదిక చాలా దశాబ్దాలపాటు బయటికి రాలేదు. సైనిక దృష్టిలో అతి తక్కువ నష్టంతో ముగిసిన ఈ చర్యకు చరిత్రలో ఉన్న పెద్ద మచ్చ ఇదే. ముందస్తు చర్చలలో మత కల్లోలాల ప్రస్తావన వచ్చినా, అది చర్య వద్దనడానికి వాదనగా వచ్చిందే గాని, చర్య జరిగితే పౌరులను ఎలా కాపాడాలన్న ప్రణాళికగా రాలేదు.

చర్య ముగిశాక చౌదురి సైనిక గవర్నరుగా 1949 చివరి వరకు సంస్థానాన్ని పాలించాడు. యుద్ధానికి సలహా ఇచ్చిన వర్గమే పాలనకూ దిగిన అరుదైన సందర్భం ఇది. నిజాంకు, భూస్వాములకు వ్యతిరేకంగా పోరాడుతున్న కమ్యూనిస్టు దళాలపై అదే సైన్యం తిరగడంతో తెలంగాణ సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా కొనసాగింది. కృష్ణా జిల్లా సరిహద్దు తాలూకాలు రజాకార్ల భయం పోయాక పోలీసు క్యాంపుల కాలాన్ని చూశాయి.

తర్వాతి యుద్ధాలు

హైదరాబాదులో గెలిచిన చౌదురి 1965 పాకిస్తాన్ యుద్ధ కాలానికి భారత సైన్యాధిపతి. గెలుపు వల్ల వచ్చిన పేరు అంచనాలకు నాణ్యతను తెచ్చిపెట్టదనడానికి ఆయన జీవితమే దృష్టాంతం. పంజాబులో బియాస్ నది వెనక్కి తగ్గుదామన్న ఆయన సూచనను తాను తోసిపుచ్చానని పశ్చిమ కమాండ్ అధిపతి హర్‌బక్ష్ సింగ్ రాసుకున్నాడు. మందుగుండు చాలావరకు అయిపోయిందన్న సేనాధిపతి మాట కాల్పుల విరమణకు ఒప్పుకోవడానికి ఒక కారణం కాగా, అందులో స్వల్ప భాగమే ఖర్చయిందని తర్వాత తేలింది. దీనికి ముందు 1962లో, రక్షణ మంత్రి కృష్ణమేనన్‌కు నచ్చిన సేనానుల మాటకే చోటు దక్కడం వల్ల వృత్తిపరమైన అసమ్మతి అణగిపోయి చైనా సరిహద్దులో పరాభవం ఎదురైంది. 1971 ఏప్రిల్‌లో వెంటనే యుద్ధానికి దిగడానికి మానెక్‌షా ఒప్పుకోలేదన్న కథ ప్రజలలో బాగా నాటుకుంది. ఇందిరాగాంధీ ప్రభుత్వం కూడా అప్పుడే దాడి చేయాలని కోరుకోలేదని తర్వాతి చరిత్రకారులు వాదించారు. రుతుపవనాల గురించి, హిమాలయ కనుమల గురించి మానెక్‌షా చెప్పిన లెక్క మాత్రం సరైనదే.

తెలుగువారిలో ఈ స్థాయికి చేరిన ప్రముఖుడు జనరల్ కె.వి. కృష్ణారావు. 1971లో తూర్పు రంగంలో సిల్హెట్ ప్రాంతంలో డివిజన్‌ను నడిపి, 1981 నుంచి 1983 వరకు సైన్యాధిపతిగా పనిచేశాడు. ఆయన ప్రభావం ఒక యుద్ధ నిర్ణయంలోకంటె, 1975లో ఆయన అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల కమిటీ సైన్యం యాంత్రీకరణకు వేసిన దీర్ఘకాలిక ప్రణాళికలో ఎక్కువగా కనిపిస్తుంది. రాబోయే పాలకులు ఏ యుద్ధం చేయగలరో ఇరవై ఏళ్ల ముందే నిర్ణయించే ఇలాంటి పని పత్రికలకు ఎక్కదు గాని, సేనాధిపతుల పలుకుబడికి అన్నిటికంటె స్థిరమైన రూపం ఇదే.

2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్‌తో మొదలైన రక్షణ దళాల ప్రధానాధికారి పదవి, త్రివిధ దళాలకు సంబంధించిన విషయాలలో రక్షణ మంత్రికి ప్రధాన సైనిక సలహాదారు స్థానాన్ని ఒక వ్యక్తికి అప్పగించింది. యుద్ధ నిర్ణయం మాత్రం ప్రధానమంత్రి అధ్యక్షతన ఉండే భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం చేతిలోనే ఉంది. సేనాధిపతులు అందులో సభ్యులు కారు, పిలిచినప్పుడు హాజరై సలహా చెబుతారు.